మీ తొట్టెలోని చేప ఏ జాతి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం పేరు తెలియని చిన్న చేపల గురించే. పేరు తెలిస్తే అది ఎంత పెరుగుతుందో, ఏం తింటుందో, ఎవరితో పడదో తెలుస్తుంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వీటికే ఇచ్చాం.

ప్రశ్న: రకరకాల చిన్న చేపలు కలిపి ఇచ్చిన సంచిలో ఒకటి వేరుగా ఉంది. పొడవు దాదాపు 3 సెంటీమీటర్లు. వెండి రంగు ఒళ్లు, తోకకు కాస్త ముందు ఒక నల్ల చుక్క. రెక్కల్లో రంగేమీ లేదు. అమ్మినవారు టెట్రా అన్నారు. నిజమేనా?

జవాబు: రంగునీ చుక్కనీ కాసేపు పక్కన పెట్టండి. వెండి ఒంటి మీద నల్ల చుక్క ఉన్న చిన్న చేపలు లెక్కలేనన్ని. ముందు చూడాల్సింది వీపు రెక్కకీ తోకకీ మధ్య భాగం. అక్కడ ఈనెలు (రెక్కను నిలబెట్టే సన్నని పుల్లలు) లేని చిన్న కండ ముక్కలాంటి రెక్క ఇంకొకటి ఉందేమో చూడండి. దాన్ని కొవ్వు రెక్క అంటారు. ఈ సైజు చేపలో అది ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు, పైగా అద్దంలా ఉంటుంది కాబట్టి తేలిగ్గా చూపు తప్పించుకుంటుంది. తొట్టె వెనక నల్ల కాగితం అంటించి, గదిలో దీపాలు ఆర్పి, పైనుంచి మాత్రమే వెలుతురు పడేలా చేయండి. ఉంటే దాని అంచు తెల్లగా మెరుస్తుంది.

కొవ్వు రెక్క ఉంటే అది బార్బ్, డానియో, రస్బోరా కాదని ఖాయం. కార్ప్ కుటుంబానికి చెందిన వీటిలో దేనికీ ఆ రెక్క ఉండదు. టెట్రాల్లో చాలావాటికి ఉంటుంది, కోరిడోరాస్ లాంటి మీసాల చేపలకూ ఉంటుంది. లేనంత మాత్రాన మాత్రం టెట్రా కాదని తేల్చేయకండి. టెట్రాలకు దగ్గరి చుట్టాలైన పెన్సిల్ ఫిష్‌లలో కొన్నిటికి ఈ రెక్క లేదు.

తర్వాత మూతి చూడండి. పెదవుల మూలల్లో మీసాలు ఉన్నాయా, ఉంటే ఎన్ని జతలు? టెట్రాలకు మీసాలు ఉండవు, దవడల్లో పళ్లు ఉంటాయి. కార్ప్ కుటుంబానికి దవడల్లో పళ్లు ఉండవు, గొంతులో ఉంటాయి. బార్బ్‌లలో కొన్నిటికి రెండు జతల మీసాలు, కొన్నిటికి ఒకటే, కొన్నిటికి అసలు లేవు. కాబట్టి మీసాలు కనిపిస్తే అది టెట్రా కాదు. కనిపించకపోతే ఇంకా ఏదీ తేలనట్టే.

చుక్కను ఇప్పుడు చూద్దాం. మీ వర్ణనలో చుక్క తోక మొదట్లో కాకుండా దానికి ముందు ఉంది. అది పాయు రెక్క, అంటే మలద్వారం వెనక ఉండే రెక్క, దాని చివరి భాగానికి సరిగ్గా పైన వస్తోందా? కొవ్వు రెక్క లేకపోయి, చుక్క అక్కడే ఉంటే అది రోజీ బార్బ్ పిల్ల అయ్యే అవకాశం బాగా ఎక్కువ. శాస్త్రీయ నామం పెథియా కాంకోనియస్. దీనికి చుక్క ఒకటే. మొప్ప వెనక ఇంకో చుక్క కూడా ఉంటే అది దాని చుట్టం పెథియా టిక్టో వైపు వెళ్తుంది. ఇంకో ఆనవాలు కావాలంటే భూతద్దంతో వీపు రెక్క ముందు అంచు చూడండి. అక్కడి గట్టి ఈనెకు వెనక వైపున రంపం పళ్లలాంటి గరుకు ఉంటుంది. ఇది ఈ ప్రజాతి లక్షణం, పిల్లల్లో పట్టుకోవడం కొంచెం కష్టం.

రోజీ బార్బ్ పిల్లలకు ఎరుపు ఉండదు. ఈడుకొచ్చాక మగవాటికే బాగా ఎక్కుతుంది, వాటి వీపు రెక్క కొస నల్లబడుతుంది. అది 10 సెం.మీ. దాకా పెరగగల చేప, గుంపులో ఉండాలి. ఒక్కటే ఉంటే నెమ్మదైన చేపల రెక్కలు కొరుకుతుంది. కనీసం 6 కలిపి పెట్టండి.

ప్రశ్న: చేప ఏ కుటుంబానిదో తెలుసుకోవడానికి కొవ్వు రెక్క, మీసాలు కాక ఇంకేం చూడాలి?

జవాబు: మాకు బాగా నమ్మకమైనవి కొన్ని చెప్తాం. వీపు రెక్కలు రెండు విడివిడిగా ఉన్నాయా? ఉంటే రెయిన్‌బో ఫిష్, గోబీ, గ్లాస్ ఫిష్ లాంటివాటిని తలుచుకోవాలి. గోబీ అయితే పొట్ట రెక్కలు రెండూ కలిసి చిన్న గిన్నెలా ఉంటాయి, దాంతో రాయిని పట్టుకుంటుంది. పొట్ట రెక్కలు దారాల్లా సాగి, వాటితో ఎదుటి వస్తువును తడిమి చూస్తుంటే గురామి.

ముక్కు రంధ్రాలు కూడా లెక్కపెట్టండి. మామూలుగా చేపకు తలకు ఒక్కో పక్క రెండేసి ఉంటాయి. సిక్లిడ్‌లకు పక్కకు ఒకటే. పైగా వాటి ఒంటి మీది పార్శ్వ రేఖ, అంటే పక్కల వెంట సాగే సన్నని రంధ్రాల గీత, మధ్యలో తెగి రెండు ముక్కలుగా ఉంటుంది: ముందు ముక్క పైన, వెనక ముక్క కింద. సగం పెరిగిన రామ్, అపిస్టోగ్రామా పిల్లలు రంగు లేక బూడిదగా ఉన్నప్పుడు ఈ రెండు గుర్తులే ఆధారం.

నోటి దిశ చేప ఎక్కడ తింటుందో చెప్తుంది. పైకి తిరిగితే నీటి పైపొర, ముందుకుంటే మధ్య, కిందికుంటే అడుగు. పాములా పొడవుగా ఉండి, కంటి కింద ముడుచుకునే చిన్న ముల్లు ఉంటే లోచ్. ఆ ముల్లు వల దారాల్లో ఇరుక్కుంటుంది. అప్పుడు లాగితే చేప ముఖం చీరుకుపోతుంది. లోచ్ అనుమానం ఉంటే వల వాడకుండా గిన్నెతోనో, సీసాతోనో నీళ్లతో పాటు పట్టండి.

ప్రశ్న: మీకు పంపాలని ఎన్నో ఫోటోలు తీశాను. ఒక్కదాంట్లోనూ చేప స్పష్టంగా రాలేదు. ఎలా తీయాలి?

జవాబు: రెండు రకాల ఫోటోలు కావాలి, ఒక్కో రకానికి పద్ధతి వేరు. ఒకటి రంగుల కోసం, ఇంకోటి ఒంటి కట్టు కోసం.

రంగుల ఫోటో సొంత తొట్టెలోనే తీయాలి. వలతో పట్టిన చేప భయంతో వెలవెలబోతుంది, నల్ల గీతలు మాయమవుతాయి, లేని మచ్చలు కూడా తేలొచ్చు. దీపం వేసిన వెంటనే తీసినా తప్పే, ఎందుకంటే నియాన్ టెట్రా లాంటివి రాత్రిపూట రంగు వదిలేసి పాలిపోయి ఉంటాయి. దీపం వేశాక కనీసం అరగంట ఆగండి. తర్వాత గది దీపాలు ఆర్పండి, లేకపోతే అద్దంలో మీ నీడే పడుతుంది. ఫోన్‌ను అద్దానికి సమాంతరంగా పట్టాలి. కొంచెం ఏటవాలుగా పట్టినా గాజు, నీరు కలిసి బొమ్మను సాగదీస్తాయి. మరీ దగ్గరికి వెళ్లకుండా అర మీటరు దూరం నుంచి 2 రెట్లు జూమ్ చేయండి. షట్టర్ వేగం మార్చే వీలుంటే సెకనులో 250వ వంతుగానీ అంతకన్నా వేగంగా గానీ పెట్టండి. వీలు లేకపోతే వెలుతురు బాగా పెంచి వీడియో తీసి, అందులోంచి రెక్కలన్నీ విచ్చుకున్న క్షణాన్ని బొమ్మగా తీసుకోండి. ఫ్లాష్ నేరుగా వేస్తే పొలుసులు తెల్లటి మరకలా మిగులుతాయి. వేయాల్సి వస్తే పైనుంచి వేయండి.

కట్టు తెలిసే ఫోటోకి సన్నని గాజు పెట్టె వాడండి. లోపలి వెడల్పు 4, 5 సెం.మీ. చాలు, చేప తిరగకుండా పక్కగానే నిలబడుతుంది. పెట్టెలో పోసేది అదే తొట్టె నీరై ఉండాలి. ఉష్ణోగ్రతలో తేడా వస్తే చేప అల్లాడిపోతుంది. పది నిమిషాలకు మించి ఉంచకండి.

కొలబద్ద ఎక్కడ పెట్టాలో చాలామందికి తెలియదు. ముందు గాజుకు బయట అంటిస్తే అది చేపకన్నా కెమెరాకు దగ్గరగా ఉంటుంది, చేప ఉన్నదానికన్నా చిన్నదనిపిస్తుంది. వెనక గాజుకు అంటిస్తే ఉల్టా. నీటి వక్రీభవన గుణకం 1.33 కావడం వల్ల 10 సెం.మీ. లోతులో ఉన్న చేప దాదాపు 7.5 సెం.మీ. లోతులోనే ఉన్నట్టు కనబడుతుంది కూడా. అందుకే ప్లాస్టిక్ స్కేలు పెట్టె లోపలే, చేప ఈదే వరసలోనే నిలబెట్టండి. పొడవు చెప్పేటప్పుడు మూతి కొస నుంచి తోక రెక్క మొదలు దాకా కొలవండి. తోక రెక్కను కలిపితే, అది చిరిగినా, పొడవు తోక రకమైనా లెక్క చెడుతుంది. ఆ పొడవును ఒంటి గరిష్ఠ ఎత్తుతో భాగించి వచ్చిన సంఖ్య కూడా రాయండి. 30 మి.మీ. పొడవు, 10 మి.మీ. ఎత్తు ఉంటే 3. బాగా తిన్నదీ, గుడ్లతో ఉన్నదీ అయితే ఆ సంగతి చెప్పండి.

ప్రశ్న: నాచు తింటుందని కొన్న చేప మొదట్లో అద్దాలన్నీ శుభ్రం చేసింది. ఇప్పుడు 12 సెం.మీ. అయింది. ఒంటి పొడవునా నల్ల చార ఉంది. ఏంజెల్ ఫిష్‌ను రాత్రంతా తరుముతోంది, దాని పక్కలు ఎర్రగా కందిపోయాయి. సియామీస్ ఆల్గే ఈటర్ ఇలా చేస్తుందా?

జవాబు: చేయదు. మీ దగ్గరున్నది బహుశా చైనీస్ ఆల్గే ఈటర్, గైరినోకైలస్ ఐమోనియరి. ఈ కొనుగోలులో మోసపోయేవారు చాలామంది ఉన్నారు. తప్పు పేరు వల్ల బలయ్యేది పక్కనున్న చేప కాబట్టి, దీని గురించి వివరంగా చెప్పాలి.

చేప అద్దానికి అతుక్కున్నప్పుడు బయటి నుంచి నోరు చూడండి. చైనీస్ ఆల్గే ఈటర్‌కు నోరు గుండ్రటి చప్పరించే గిన్నెలా మందమైన పెదవులతో ఉంటుంది, మీసాలు ఉండవు. నోటితో అంటుకునే ఊపిరి తీసుకోవాలి కాబట్టి మొప్ప మూతకు పైభాగంలో నీరు లోపలికి వెళ్లే ఇంకో రంధ్రం ఉంటుంది. దగ్గరి నుంచి చూస్తే ఆ చిన్న మూత చాలా వేగంగా కొట్టుకోవడం కనిపిస్తుంది. సియామీస్‌కూ, దాన్ని పోలిన ఫ్లయింగ్ ఫాక్స్‌కూ ఇది లేదు.

సియామీస్ ఆల్గే ఈటర్ క్రాసోకైలస్ ప్రజాతికి చెందింది. దాని నల్ల చార అంచులు రంపంలా ఎగుడుదిగుడుగా ఉంటాయి, చార తోక రెక్క మధ్యలోంచి చీలిక దాకా సాగుతుంది. రెక్కలు పారదర్శకం. చార పైన బంగారు గీత ఉండదు. మీసాలు ఒక జత. ఇంకో పోలిక ఫ్లయింగ్ ఫాక్స్. దాని చార అంచు గీసినట్టు నున్నగా ఉంటుంది, చార పైన బంగారు గీత స్పష్టంగా ఉంటుంది, రెక్కల్లో నలుపు, తెల్లటి అంచు కనిపిస్తాయి, మీసాలు రెండు జతలు. కుదుళ్ల దగ్గర పెరిగే నల్ల కుచ్చు నాచును నమ్మకంగా తినేది వీటిలో సియామీస్ ఒక్కటే. ఫ్లయింగ్ ఫాక్స్ తన జాతితోనే గొడవపడుతుంది.

చైనీస్ ఆల్గే ఈటర్ పిల్లగా ఉన్నప్పుడు నాచే తింటుంది. పెరిగే కొద్దీ మేత మీదికి మళ్లుతుంది, ఏంజెల్, డిస్కస్ లాంటి వెడల్పు ఒంటి చేపల పక్కలకు అంటుకుని జిగురు పొరను చప్పరిస్తుంది. అది పోయిన చోట బాక్టీరియా, ఫంగస్ చేరతాయి. సహజ ఆవాసంలో ఇది 28 సెం.మీ. దాకా పెరుగుతుంది. అందుకే దాణా ఎక్కువ వేస్తే సరిపోతుందని చూడకుండా, ఈ వారమే వేరే పెద్ద తొట్టెకు మార్చండి. ఏంజెల్ ఫిష్‌కు శుభ్రమైన నీళ్లు, రోజు విడిచి రోజు నాలుగో వంతు నీటి మార్పిడి చాలు. కందిన చోట తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే అప్పుడు చికిత్స మొదలుపెట్టండి.

ప్రశ్న: నియాన్, కార్డినల్ టెట్రాల తేడా ఏమిటి?

జవాబు: ఎర్ర చార పొడవు. నియాన్‌లో ఎరుపు ఒంటి సగం నుంచి తోక దాకే. కార్డినల్‌లో తల వెనక నుంచే పూర్తిగా ఉంటుంది. పిసరంత ఎరుపు మాత్రమే ఉండి, నీలి గీత కొవ్వు రెక్కను దాటి తోక మొదలు దాకా వెళ్తే గ్రీన్ నియాన్. నియాన్‌లో నీలి గీత కొవ్వు రెక్క దగ్గర ఆగిపోతుంది.

ప్రశ్న: 4 సెం.మీ. సక్కర్ చేప పిల్ల ఉంది. 60 లీటర్ల తొట్టెలో సరిపోతుందన్నారు. నాకు నమ్మకం కలగడం లేదు.

జవాబు: మీ అనుమానం సరైనదే. ఈ సైజులో రెండు చేపలు అచ్చం ఒకలా కనిపిస్తాయి: 12 నుంచి 15 సెం.మీ. దగ్గర ఆగే బ్రిసిల్‌నోజ్, 40 సెం.మీ. దాటే మామూలు ప్లెకో. మొదటిదాన్ని ఇప్పుడు మీ తొట్టెలో పెంచొచ్చు, పెద్దయ్యాక మాత్రం ఇంకొంచెం చోటు కావాలి. రెండోదానికి అన్ని లీటర్లు ఏ దశలోనూ సరిపోవు.

తేల్చేది వీపు రెక్క. అద్దానికి అతుక్కున్నప్పుడు ఫోటో తీసి పెద్దది చేసుకుని, రెక్క ముందున్న గట్టి ముల్లును వదిలేసి మిగతా మెత్తని ఈనెలు లెక్కపెట్టండి. 7 దగ్గర ఉంటే బ్రిసిల్‌నోజ్ కావొచ్చు. 10, అంతకు మించి ఉంటే అది టెరిగోప్లిక్తిస్, అంటే పెద్ద ప్లెకో. దాని వీపు రెక్క తెరచాపలా పెద్దగా లేస్తుంది. ఒక జాగ్రత్త: పెద్దగా పెరిగే ఇంకో ప్లెకో హైపోస్టోమస్‌కూ దాదాపు 7 ఈనెలే ఉంటాయి. కాబట్టి 7 రాగానే ఊపిరి పీల్చుకోకుండా మూతి అంచు చూడండి. బ్రిసిల్‌నోజ్ మూతి అంచున కవచం పలకలు ఉండవు, మెత్తని చర్మం ఉంటుంది. మిగతావాటికి అంచు దాకా పలకలే. 5, 6 సెం.మీ. వచ్చేసరికి బ్రిసిల్‌నోజ్ మగవాటికి మూతి మీద పిలకలు మొలవడం మొదలవుతుంది.

పెద్ద ప్లెకో అని తేలితే దయచేసి చెరువులోనో కాలవలోనో వదలకండి. ఈ చేప ఎన్నో దేశాల నీళ్లలో స్థిరపడి, గట్లలో బొరియలు తవ్వుతూ స్థానిక చేపల చోటు ఆక్రమించింది. పెద్ద తొట్టె ఉన్నవారికి ఇవ్వండి.

ప్రశ్న: గప్పీల గుంపులో ఒక ఆడచేప వేరుగా ఉంది. బూడిద రంగు, పొట్ట పెద్దది, మగ గప్పీల తోకలు కొరికేస్తోంది. కలుపు జాతా?

జవాబు: గాంబూసియా కావొచ్చు, అదే దోమ చేప. తోక రెక్కను భూతద్దంతో చూడండి. అడ్డంగా వరసలు కట్టిన సన్నని నల్ల చుక్కలు ఉంటే అనుమానం బలపడుతుంది. కొన్నిటికి కంటి కింద కన్నీటి చారలా నల్ల గీత ఉంటుంది. వీపు రెక్క పాయు రెక్కకన్నా వెనక మొదలవుతుంది. పొట్ట వెనక నల్ల మచ్చ చూసి గప్పీ అనుకోకండి, పిల్లలు పెట్టే ఈ కుటుంబంలో ఆడవాటికి అది మామూలే. ఇది తోకలు కొరకడమే కాక పిల్లలను తినేస్తుంది. విడిగా పెట్టండి.

తల నడినెత్తిన వెండి చుక్క మెరుస్తూ ఉంటే మాత్రం అది గాంబూసియా కాదు, గుడ్లు పెట్టే అప్లోకైలస్ అనే కిల్లీ ఫిష్. దీని మగచేపకు పాయు రెక్క మామూలుగానే ఉంటుంది. గప్పీ, గాంబూసియా మగవాటిలో అది సన్నని పుల్లలా మారిపోతుంది.

ఇక గప్పీ, దాని దగ్గరి చుట్టం ఎండ్లర్ ఆడవాటిని కంటితో విడదీయమని అడిగిన మరో పాఠకురాలికి: వీలు కాదు. రెండూ స్వేచ్ఛగా కలుస్తాయి, పిల్లలు కూడా సంతానం కంటాయి. ఎండ్లర్ స్వచ్ఛంగా కావాలంటే తల్లిదండ్రులు తెలిసిన చోట తీసుకోవడమే దారి.

ప్రశ్న: అద్దంలాంటి ఒంటి మీద గులాబీ, పచ్చ గీతలున్న చేపలు తెచ్చాను. రెండు నెలల్లో రంగు పోయింది. జబ్బా?

జవాబు: జబ్బు కాదు, ఆ రంగు దానిది కాదు. అది ఇండియన్ గ్లాస్ ఫిష్, పరంబాసిస్ రంగా. వెన్నెముక బయటికి కనిపించేంత పారదర్శకమైన ఒళ్లు దాని సొంత అందం. వీపు, పొట్ట అంచుల వెంబడి సూదితో రంగు ఎక్కిస్తారు. ఒంటికి అది ఎంత హింసో చెప్పనక్కరలేదు, సూది గాయాల్లోంచి ఇన్ఫెక్షన్లు కూడా వస్తాయి. ఇలాంటివి కొనకండి. ఉన్నవాటిని బాగా చూసుకోండి. ఇది మంచినీటి చేపే, ఉప్పు కలపాల్సిన పని లేదు.

జన్యుమార్పిడితో మెరిసే చేపలు వేరు. అమెరికాలో 2003 చివర్లో గ్లోఫిష్ పేరుతో మొదట అమ్మింది జీబ్రా డానియోలనే. వాటి రంగు ఒళ్లంతా సమానంగా ఉంటుంది, నీలి దీపం కింద వెలుగుతుంది, వెలిసిపోదు, పిల్లలకూ వస్తుంది. రంగు గీతలా ఒకే చోట ఉంటే సూది అనుకోండి.

ప్రశ్న: షార్క్ అని రెండు పిల్లలు ఇచ్చారు. ఒకటి వెండి రంగు, రెక్కల అంచులు నల్లన. ఇంకోటి బూడిద రంగు, మీసాలున్నాయి. కలిపి పెంచొచ్చా?

జవాబు: రెండూ షార్క్‌లు కావు. నల్ల అంచులదానికి పెద్ద పొలుసులు ఉండి, కొవ్వు రెక్క లేకపోతే అది బాలా షార్క్, కార్ప్ కుటుంబం, 35 సెం.మీ. దాకా పెరుగుతుంది. మీసాలున్నదానికి పొలుసులు లేకుండా కొవ్వు రెక్క ఉంటే పంగాసియస్, మనుషులు తినడానికి చెరువుల్లో పెంచే చేపే అది, మీటరు దాటుతుంది. ఇంట్లో పెట్టుకునే ఏ తొట్టే దానికి చాలదు. ఉలిక్కిపడి అద్దాలకు కొట్టుకుని మూతి పగలగొట్టుకునే స్వభావం దానిది. వీలైతే తిరిగి ఇచ్చేయండి.

ప్రశ్న: కొత్త మొక్కలు నాటిన పది రోజులకు తొట్టెలో బుల్లి చేప పిల్లలు కనిపించాయి. ఏ చేపవి?

జవాబు: ముందు కదలిక చూడండి. పుట్టగానే దాదాపు 6 నుంచి 8 మి.మీ. ఉండి, కళ్లు, తోక స్పష్టంగా ఉండి, ఆకుల మధ్య చురుగ్గా ఈదుతుంటే పిల్లలు పెట్టే జాతి: గప్పీ, మోలీ, ప్లాటీ. మీ దగ్గర మగవి లేకపోయినా, ముందే మగచేపతో కలిసిన ఆడది నెలల తరబడి వీర్యం దాచుకుని పిల్లలు పెట్టగలదు. 3, 4 మి.మీ. గాజు పెంకుల్లా మొదట ఒకటి రెండు రోజులు ఆకులకో అద్దాలకో వేలాడి, తర్వాత ఈదడం మొదలుపెడితే గుడ్ల నుంచి వచ్చినవి. మొక్కల ఆకులకు అంటుకున్న గుడ్లు వాటితో పాటే వచ్చి ఉంటాయి.

జాతి ఏదో ఇప్పుడే అడగకండి. 1 సెం.మీ. దాటేదాకా రెక్కల ఈనెలు పూర్తిగా ఏర్పడవు, పొలుసులు రావు. అప్పటిదాకా గుడ్ల పిల్లలకు ఇన్ఫ్యూజోరియా (నీటిలోని సూక్ష్మజీవులు), వారం తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యలు) పెట్టండి. ఒక్క సంగతి సరిచూసుకోండి: కాళ్లు ఆరు ఉండి, తోక దగ్గర ఆకుల్లాంటి మూడు మొప్పలుంటే అది చేప పిల్ల కాదు, సూదితూనీగ లార్వా. అది పిల్లలను తింటుంది. వెంటనే తీసేయండి.

ప్రశ్న: ఫోన్ యాప్‌లో ఫోటో పెడితే ఒక్కోసారి ఒక్కో పేరు చెప్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: యాప్ ప్రధానంగా రంగును, మొత్తం ఆకారాన్ని పోలుస్తుంది. ఎర్ర తల టెట్రాల్లో ఇది బాగా తడబడుతుంది, ఎందుకంటే రమ్మీనోజ్ పేరుతో అమ్మే జాతులు మూడు. పెటిటెల్లా బ్లెహెరి (పాత పేరు హెమీగ్రామస్ బ్లెహెరి) అనేదానిలో ఎరుపు మొప్ప మూతను దాటి ఒంటి మీదికి వస్తుంది. పెటిటెల్లా జార్జియేలో తోక మొదట్లో నలుపు బలంగా ఉంటుంది. తెల్ల రకాల్లో, పొడవు రెక్కల రకాల్లో యాప్ మీద అసలు ఆధారపడకండి. పెంపకందార్లు మార్చిన రంగులకు జాతితో సంబంధం లేదు. యాప్ చెప్పిన మొదటి మూడు పేర్లు రాసుకుని, ఒక్కోదానికి మీసాలు, కొవ్వు రెక్క, చుక్కల స్థానం మీ చేపలో సరిపోతున్నాయో మీరే చూడండి. ఒక్కటి తప్పినా ఆ పేరు కొట్టేయండి.

పేర్లు కూడా మారుతుంటాయి. కోరిడోరాస్ ప్రజాతిని 2024లో చాలా ప్రజాతులుగా విడగొట్టారు. పాత పుస్తకంలో ఒక పేరు, కొత్తదాంట్లో ఇంకోటి ఉంటే చేప మారలేదని గుర్తుపెట్టుకోండి. జూలీ కోరి అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం ట్రైలినియేటస్. తల మీద విడివిడి చుక్కలు ఉంటే జూలీ, చుక్కలు కలిసి వంకర గీతలైతే ట్రైలినియేటస్.

ప్రశ్న: పేరు తెలియని చేప చనిపోయింది. ఇప్పుడైనా జాతి కనుక్కోవచ్చా?

జవాబు: కనుక్కోవచ్చు, వెంటనే కదిలితే. రంగు నిమిషాల్లో మారిపోతుంది కాబట్టి ముందు ఫోటో తీయండి. థర్మాకోల్ ముక్క మీద పక్కగా పడుకోబెట్టి, రెక్కలను విప్పి గుండు సూదులతో ఆపి, స్కేలు పక్కన పెట్టి పైనుంచి తీయండి. తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి. చేప ఎంత ఉంటే ద్రవం దానికి పది రెట్లు ఉండాలి, లేకపోతే లోపల కుళ్లుతుంది. 8 సెం.మీ. కన్నా పెద్దదైతే కుడి వైపు పొట్ట మీద చిన్న గాటు పెట్టండి, ఎడమ వైపు కొలతలకు మిగలాలి. ఆల్కహాల్ దొరకకపోతే కొన్ని నీళ్లతో సంచిలో వేసి చదునుగా గడ్డకట్టించండి. ఫార్మలిన్ ఇంట్లో వాడొద్దు, ఊపిరితిత్తులకు, కళ్లకు చేటు.

ఇక ఈనెల లెక్క. రెక్క వెనక దీపం పెట్టి చూడండి. ముల్లు అయితే ఒకే గట్టి కడ్డీలా ఉంటుంది. మెత్తని ఈనె కణుపులు కణుపులుగా ఉండి చివర చీలుతుంది. వీపు రెక్కలోనూ పాయు రెక్కలోనూ ఆఖరి రెండు ఈనెలు ఒకే మొదలు నుంచి వస్తే ఒకటిగా లెక్కపెట్టండి. సీసాలో వేసే చీటీ మీద తేదీ, కొన్న చోటు, చెప్పిన పేరు పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.